రాస్ప్‌బెర్రీ ఆకు కషాయం

రాస్ప్‌బెర్రీ మొక్క (రూబస్ ఐడియస్) ఎండుటాకును మరిగిన నీళ్ళలో నానబెట్టి, వడగట్టి తాగే పానీయం. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో నెలలు నిండుతున్న గర్భిణులు కాన్పు తేలికవుతుందన్న నమ్మకంతో దీన్ని తాగుతారు. టీ అని పిలిచినా ఇందులో తేయాకు లేదు, కెఫీన్ ఉండదు. బజారులో రాస్ప్‌బెర్రీ టీ పేరుతో దొరికేవాటిలో చాలావరకు పండు రుచి కలిపినవి. వాటికీ ఈ ఆకుకూ సంబంధం లేదు.

గులాబీ కుటుంబానికి చెందిన ఈ ముళ్ళపొద యూరప్, ఉత్తరాసియా చలి ప్రాంతాల్లో సహజంగా పెరుగుతుంది. ఆకు అడుగుభాగం తెల్లగా, నూగుతో ఉంటుంది. ఆకులో టానిన్లు ఎక్కువ. క్వెర్సెటిన్, కెంఫెరాల్ వంటి ఫ్లేవనాయిడ్లూ ఉన్నాయి. వగరు టానిన్ల వల్లే వస్తుంది. యూరప్ నాటువైద్యంలో విరేచనాలకూ గొంతునొప్పికీ ఈ ఆకు వాడటానికి ఆ వగరే కారణం కావచ్చు.

కాన్పు కోసం వాడటం ఎప్పుడు మొదలైందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. 1597లో వచ్చిన జాన్ జెరార్డ్ మూలికల గ్రంథాన్ని తొలి ఆధారంగా చూపడం పరిపాటి. అయితే ప్రసవంతో ముడిపెట్టిన స్పష్టమైన ప్రస్తావన కావాలంటే అమెరికా మూలికా వైద్యుడు శామ్యూల్ థామ్సన్ 1822లో ప్రచురించిన వైద్య గ్రంథాన్ని తీసుకోవడమే మేలు. నొప్పులు పడుతున్న స్త్రీకి ఈ కషాయాన్ని ఆయన గట్టిగా సిఫారసు చేశాడు. ఆయన చెప్పింది నొప్పుల సమయంలో తాగడం గురించి. వారాల ముందునుంచే తాగుతూ ఒంటిని సిద్ధం చేసుకోవడం నేటి పద్ధతి. ఈ రెండింటినీ ఒకటిగా చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి.

ఈ ఆకు నొప్పులు తెప్పిస్తుందన్నది జనంలో ఉన్న మాట. ప్రయోగశాలలో మొదట తేలింది దాదాపు దీనికి విరుద్ధం. 1941లో బర్న్, విథెల్ అనే బ్రిటిష్ పరిశోధకులు గర్భాశయ కండరాన్ని సడలించే పదార్థం ఆకులో ఉందని 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రకటించారు. అదే ఏడాది బెక్‌విత్ వైట్‌హౌస్ అనే వైద్యుడు ఆకు సారాన్ని 'ఫ్రాగరీన్' అన్న పేరుతో కొద్దిమంది బాలింతలకు ఇచ్చి, గర్భాశయ సంకోచాలు క్రమబద్ధమయ్యాయని రాశాడు. 1954 నాటి విశ్లేషణలో మాత్రం ఒకే ఆకులో కండరాన్ని బిగించేవీ, సడలించేవీ రెండు రకాల అంశాలూ కనిపించాయి. 1970లో బామ్‌ఫర్డ్ బృందం జరిపిన పరీక్షల్లో, గర్భం లేని గర్భాశయ కండరంపై సారం ప్రభావం స్వల్పమే. గర్భంతో ఉన్న కండరంపైనే అది పనిచేసింది. కాబట్టి ఆకు గర్భాశయాన్ని బిగిస్తుందనో, వదులుచేస్తుందనో ఒక్కమాటలో తేల్చడం సరికాదు. మిడ్‌వైఫ్‌లు వాడే 'గర్భాశయానికి పుష్టి' అన్న పాతమాటే ఈ ఫలితాలకు కొంత దగ్గరగా ఉంది.

స్త్రీలపై జరిగిన ప్రధాన పరీక్ష సిడ్నీలో సింప్సన్, పార్సన్స్ బృందానిది. 1999లో వెలువడిన వీరి తొలి పరిశీలన, జరిగిపోయిన 108 కాన్పుల వివరాలను పోల్చి చూసింది. ఆకు వాడినవారు 57 మంది. 2001లో ప్రచురించిన రెండో అధ్యయనంలో ఏ చిక్కులూ లేని 192 మంది తొలిచూలు గర్భిణులను చీటీల పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు 32వ వారం నుంచి నొప్పులు మొదలయ్యేదాకా రోజుకు రెండుసార్లు 1.2 గ్రాముల మాత్ర ఇచ్చారు. నొప్పుల మొదటి దశ ఏమీ తగ్గలేదు. రెండో దశ సగటున 9.59 నిమిషాలు తగ్గింది; ఫోర్సెప్స్ కాన్పులు 30.4 శాతానికి బదులు 19.3 శాతమే అయ్యాయి. తల్లికీ బిడ్డకూ హాని కనిపించలేదు. అయితే ఇంత చిన్న జట్లలో ఈ తేడాలు యాదృచ్ఛికమూ కావచ్చని తర్వాతి సమీక్షకులు భావించారు. మరచిపోకూడని విషయం మరొకటి: అక్కడ పరీక్షించింది మాత్రను, ఇళ్ళలో కప్పుల్లో తాగే కషాయాన్ని కాదు. ఆకు మోతాదు, నానబెట్టే సమయం మారితే కషాయం బలం మారుతుంది.

ఆధారాలు ఇలా ఉన్నా వాడకం మాత్రం ఎక్కువే. 1999లో వెలువడిన అమెరికా సర్వేలో, నొప్పుల కోసం మూలికలు వాడే నర్సు మిడ్‌వైఫ్‌లలో 63 శాతం మంది ఈ ఆకును వాడుతున్నట్లు తేలింది. అదే వర్గంలో ఆముదం వాడేవారు 93 శాతం. సాధారణంగా 32వ వారం తర్వాత రోజుకు ఒక కప్పుతో మొదలుపెట్టి, నెమ్మదిగా మూడు నాలుగు కప్పులకు పెంచుతారు. ఇదివరకు సిజేరియన్ అయినవారు, మాయ కిందికి ఉన్నవారు, కవలలు లేదా ఎదురుకాళ్ళ బిడ్డ ఉన్నవారు, నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం ఉన్నవారు తాగవద్దని మిడ్‌వైఫ్‌లు చెబుతారు.

భద్రత విషయంలో జంతు ప్రయోగాలు కొంత కలవరపెడతాయి. 2009లో వెలువడిన ఎలుకల అధ్యయనంలో గర్భం మొదటినుంచీ ఆకు ఇస్తే గర్భకాలం పెరిగింది, పుట్టిన ఆడ ఎలుకపిల్లలు ముందే ఈడుకొచ్చాయి. చివరి వారాల్లో తాగే స్త్రీలకు ఈ ఫలితాన్ని నేరుగా అన్వయించలేం. గర్భంతో వచ్చే మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటున్న ఒక స్త్రీకి, ఈ ఆకు మొదలుపెట్టాక చక్కెర పడిపోయి మోతాదు తగ్గించాల్సి వచ్చినట్లు 2016లో వైద్యులు నివేదించారు. టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి కనుక రక్తహీనత ఉన్నవారు ఇనుము మాత్రతో కలిపి దీన్ని తాగకపోవడం మంచిది. యూరోపియన్ మందుల సంస్థ నెలసరి నొప్పికీ, గొంతు మంటకూ, స్వల్ప విరేచనాలకూ ఈ ఆకు సంప్రదాయ వాడకాన్ని గుర్తించింది. తగినన్ని ఆధారాలు లేవంటూ గర్భిణులకు మాత్రం సిఫారసు చేయలేదు.