మా గోడలోని ఆర్‌జీ-59 కథ

నాన్న ఊళ్లో ఇల్లు కట్టించినప్పుడు, ఎలక్ట్రీషియన్ తన దగ్గర మిగిలిన పాత చుట్టలోంచే టీవీ వైరు లాగేశాడు. డిష్ పెట్టాక సగం ఛానెళ్లు రాలేదు. వైరు మీద చూస్తే ఆర్‌జీ-59 అని ఉంది.

ఈ ఆర్‌జీ ఏంటంటే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం కేబుళ్లకి పెట్టుకున్న గుర్తు. రేడియో గైడ్ అని. యుద్ధం పోయింది, పేరు మాత్రం మన గోడల్లోకొచ్చింది.

కేబుల్ అయితే ఇంకా పాతది. 1880లో ఇంగ్లండ్‌లో ఆలివర్ హెవిసైడ్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. టెలిగ్రాఫ్ ఉద్యోగం చేసినవాడు, కాలేజీ ముఖం చూడలేదు. బీటెక్ చదివిన నాకు ఇది కొంచెం గుచ్చుకుంది లెండి. మధ్యలో తీగ, చుట్టూ ఇన్సులేషన్, దాని పైన లోహపు తొడుగు. సిగ్నల్ ఆ తీగకీ తొడుగుకీ మధ్యే నడుస్తుంది, బయటి గోల లోపలికి రాదు. 1929లో అమెరికాలో ఎస్పెన్‌షీడ్, అఫెల్ దీన్నే ఒకేసారి చాలా కాల్స్ మోసేలా మార్చి పేటెంట్‌కి పెట్టారు.

ఆర్‌జీ-59, ఆర్‌జీ-6 రెండూ 75 ఓమ్‌లే. కానీ 59లో తీగ సన్నం. పాత కేబుల్ టీవీకి సరిపోయేది. డిష్ సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్, అక్కడ 59 బాగా నీరసపడుతుంది. పైగా డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు కూడా ఇదే వైరులో పోవాలి. దారిలో 18 తగ్గిపోతే అది 13 అనుకుంటుంది, ఛానెళ్లు మాయం.

అందుకే ఆర్‌జీ-6 కొనండి, మధ్య తీగ నిండు రాగిది. షాపులో అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే లోపల ఉక్కు, పైన రాగి పూత.

మాకైతే పాత వైరు పైపు వంపులో ఇరుక్కుంది. నాన్న కొత్తగా రంగేయించిన గోడని మూడు చోట్ల పగలగొట్టాం.