సెక్యూరిటీ క్లియరెన్స్: అప్పు బకాయిల ప్రభావం (అమెరికా)

అమెరికాలో ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతి (వాడుకలో ‘క్లియరెన్స్’) విషయంలో దరఖాస్తుదారు తీర్చని అప్పులనూ లెక్కలోకి తీసుకుంటారు. దీనికి ఆధారం అర్హతను తేల్చే 13 మార్గదర్శకాల్లో ఆరవదైన ‘ఎఫ్’. దాని ప్రస్తుత పాఠం 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉంది. ఇంత అప్పుంటే అనర్హత అన్న అంకె అందులో ఎక్కడా లేదు. అప్పు ఎందుకు పడింది, పడ్డాక మనిషి ఏం చేశాడు, అడిగినప్పుడు నిజం చెప్పాడా అన్నవే చూస్తారు.

నేపథ్యం

అప్పుల్లో ఉన్నవాడు డబ్బుకు లొంగుతాడన్న అనుమానం పాతదే. 1980లలోనూ ఆ తర్వాతా బయటపడ్డ గూఢచర్య కేసులు దాన్ని బలపరిచాయి. జాతీయ భద్రతా సంస్థ ఉద్యోగి రోనాల్డ్ పెల్టన్ 1979లో దివాలా తీసి, అదే ఏడు ఉద్యోగం వదిలి, 1980 జనవరిలో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయం గడప తొక్కాడు. నౌకాదళానికి చెందిన జాన్ వాకర్ దక్షిణ కెరొలినాలో పెట్టిన బార్ నష్టాల్లో పడ్డాక రహస్యాలు అమ్మసాగాడు. ఇది 1967 చివర్లోనని కొందరు, 1968 ఆరంభంలోనని కొందరు రాశారు. మొదటిదే ఎక్కువ చోట్ల కనిపిస్తుంది. సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985 ఏప్రిల్‌లో సోవియట్లను అడిగింది 50,000 డాలర్లు. అప్పటికి అతని అప్పు ఎంతన్న దానిపై అంకెలు పొసగవు. పైగా అతనిపై అనుమానం రేపినవాటిలో అప్పు కాదు, 5,40,000 డాలర్ల నగదుతో కొన్న ఇల్లు ముఖ్యం. లెక్క చెప్పలేని సంపద కూడా ‘ఎఫ్’ కింద లోపమే.

1995లో అధ్యక్షుడు క్లింటన్ క్లియరెన్స్ నియమాలపై జారీ చేసిన 12968వ కార్యనిర్వాహక ఉత్తర్వు ఏమ్స్ ఉదంతం ఫలితమేనని తరచూ రాస్తుంటారు. అంతకుముందు ఏడాది కాంగ్రెస్ చేసిన చట్టమే దాన్ని తప్పనిసరి చేసిందనడం మరింత సరైనది.

విచారణ

ఎస్‌.ఎఫ్‌.-86 అనే దరఖాస్తు పత్రంలోని 26వ విభాగం ప్రస్తుతం 120 రోజులు దాటిన బకాయిల గురించి, గత ఏడేళ్ల దివాలా, పన్ను ఎగవేతల గురించి అడుగుతుంది. పాత పత్రంలో ఇప్పటి బకాయికి 90 రోజులు, గతానికి 180 రోజుల హద్దు ఉండేది. స్వయంగా చేసిన అప్పే కాదు, మరొకరికి హామీ సంతకం పెట్టినదీ రాయాలి. పౌరసత్వం పొందిన మన తెలుగువారు స్వదేశంలో బంధువు అప్పుకు పెట్టిన సంతకం అమెరికా క్రెడిట్ రిపోర్టులో కనపడకపోయినా ఈ ప్రశ్న పరిధిలోకి వస్తుందనే చెప్పాలి.

అభ్యంతరం ఉంటే ‘కారణాల పత్రం’ పంపుతారు. అందులో ఒక్కో అప్పుకు ఒక్కో ఉపపేరా: 1.ఎ, 1.బి, 1.సి. కొద్ది డాలర్ల ఆసుపత్రి బిల్లూ, వాయిదాలు ఆగాక జప్తు చేసి వేలం వేసిన కారుపై మిగిలిన వేల డాలర్ల బాకీ పక్కపక్కనే ఉంటాయి. గుత్తేదారు సంస్థల ఉద్యోగులు ఒక్కోదాని ఎదుట ‘ఒప్పుకుంటున్నాను’ లేదా ‘కాదు’ అని రాసి 20 రోజుల్లో జవాబివ్వాలి. కోరితే రక్షణ శాఖ న్యాయాధికారి ఎదుట వాదన వినిపించవచ్చు.

ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు, గుర్తింపు చౌర్యం వంటివి మనిషి చేతిలో లేని కారణాలు. అయితే ఆ తర్వాత బాధ్యతగా నడుచుకున్నట్టు రుజువు కావాలి. వాయిదాలు కట్టిన రసీదులు, రుణ సలహా కేంద్రానికి వెళ్లిన కాగితాలు ఇక్కడే పనికొస్తాయి. నోటీసు అందాక హడావిడిగా కట్టిన సొమ్ముకు సాధారణంగా అంత విలువ ఉండదు. కాలదోషం పట్టిందనో, ఏడేళ్లు దాటి క్రెడిట్ రిపోర్టు నుంచి జారిపోయిందనో ఊరుకుంటే అప్పు తీర్చే చిత్తశుద్ధి కింద జమకట్టరు. దివాలా చట్టబద్ధమే, కానీ దానికి దారితీసిన నడత ప్రశ్నార్థకంగానే మిగులుతుంది. పన్ను రిటర్నులు దాఖలు చేయకపోవడాన్ని మామూలు బాకీ కన్నా తీవ్రంగా పరిగణిస్తారు.

దాచితే వ్యవహారం ‘ఎఫ్’తో ఆగదు, వ్యక్తిగత నడతకు సంబంధించిన ‘ఇ’ కిందికీ వెళుతుంది. చాలాసార్లు బాకీ కన్నా దాన్ని దాచడమే ఎక్కువ చేటు చేస్తుంది. క్లియరెన్స్ హక్కు కాదని ఈగన్ కేసులో (1988) సుప్రీంకోర్టు చెప్పింది; సందేహం తీరకపోతే మొగ్గు దేశ భద్రత వైపే.

పూర్వం అత్యంత రహస్య స్థాయికి ఐదేళ్లకు, రహస్య స్థాయికి పదేళ్లకు ఒకసారి పునర్విచారణ జరిగేది. ఇప్పుడు నిరంతర తనిఖీ వచ్చాక కొత్త బకాయి మధ్యలోనే అధికారుల కంటపడుతోంది.