ఒక్క వాక్యం, నాలుగు చట్టాలు

ఇవాళ ఒకే ఒక్క వాక్యం గురించి చెప్తాను. దాని మీద పెద్ద పెద్ద ఎస్టేట్ల తలరాతలు ఆధారపడ్డాయి.

వసిష్ఠ ధర్మసూత్రంలో ఒక నియమం ఉంది: భర్త అనుమతి లేనిదే స్త్రీ కొడుకుని దత్తత ఇవ్వకూడదు, తీసుకోకూడదు. సరే, మరి భర్త చనిపోయాక ఏంటి?

మిథిల పండితులు ఏమన్నారంటే, దత్తత జరిగే సమయానికే అనుమతి ఉండాలి, చనిపోయినవాడు ఎలా ఇస్తాడు, కాబట్టి కుదరదు. బెంగాల్ వాళ్లు, బతికుండగా సరేనని చెప్పి పోతే చాలన్నారు. మన దక్షిణాదిలో అయితే, భర్త లేనప్పుడు ఆయన దాయాదులు ఒప్పుకున్నా చెల్లుతుందన్నారు. మహారాష్ట్ర వాళ్లు ఇంకా ముందుకెళ్లారు: ఆ నియమం భర్త ఉన్నావిడకే, వితంతువుకి వర్తించదు!

గమనించండి, మూల వాక్యాన్ని ఎవరూ కాదనలేదు. మీమాంస పద్ధతే అంత. మాటని ముట్టుకోరు, అది ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అని తవ్వుతారు. నాకైతే ఆ తెలివి భలే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు రామనాథపురం జమీందారీకి వద్దాం. జమీందారు కొడుకు లేకుండా పోయారు. రాణి, భర్త తరఫు దాయాదుల సమ్మతితో ఒకబ్బాయిని దత్తత తీసుకుంది. ఆమె కూడా పోయాక సర్కారు వచ్చి, ఈ దత్తత చెల్లదు, వారసుడు లేడు, ఎస్టేట్ మాది అంది. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌దాకా వెళ్లింది. అప్పట్లో మనకి ఆఖరి మెట్టు అదే.

1868లో అక్కడి జడ్జీలు వేసుకున్న ప్రశ్నే వేరు. పాత గ్రంథం అసలు అర్థం ఏంటని కాదు, ఆ ప్రాంతంలో జనం ఏ వ్యాఖ్యానాన్ని ఒప్పుకుని నడుస్తున్నారని చూశారు. ఆచారం స్పష్టంగా రుజువైతే, రాసిన వాక్యం కంటే అదే బరువన్నారు. దత్తత నిలబడింది, సర్కారు ఓడిపోయింది.

మంచి తీర్పే. కానీ ఒక చిక్కుంది. పండితుడి వ్యాఖ్యానంతో ఇంకో పండితుడు విభేదించొచ్చు. ఇంగ్లిష్ పద్ధతిలో పై కోర్టు తీర్పు అచ్చయిందంటే కింది కోర్టులు కట్టుబడాల్సిందే. కదిలే ఆచారం అక్కడ గడ్డకట్టిపోయింది. పైగా కోర్టుల్లో సలహా చెప్పే పండితుల పదవుల్ని అప్పటికే, 1864లోనే తీసేశారు.

తర్వాత ఏమైందో చూడండి. 1876లో గుంటూరు నుంచి ఇంకో దత్తత కేసు లండన్ వెళ్లింది. రామనాథపురం తీర్పులో, వితంతువు సదుద్దేశంతో దత్తత తీసుకోవాలన్నట్టు ఒక మాట ఉంది. దాన్ని పట్టుకుని, ఈవిడ మనసులో నిజంగా భక్తి ఉందా, దాయాదుల మీద కోపమా అని వాదించారు. వసిష్ఠుడి వాక్యాన్ని తవ్వినట్టే, ఇప్పుడు జడ్జీల వాక్యాన్ని తవ్వుతున్నారన్నమాట! దాయాదుల సమ్మతి ఉంది కదా, వితంతువు మనసులోకి తొంగిచూడటం ప్రమాదకరం అని ప్రివీ కౌన్సిల్ ఆ వాదన కొట్టేసింది. ఆ దత్తత కూడా నిలబడింది.