తనకు తానే యజమాని



నేటి నా ప్రసంగము వికారాబాదు, తాండూరు ప్రాంతములందు స్వంత చేతిపనిచే జీవించువారిని గూర్చినది. వడ్రంగి, కమ్మరి, నేతగాడు, బండలు కొట్టువాడు, బండి తోలువాడు, అంగడిలో గంప పెట్టుకొని కూర్చుండు అవ్వ, వీరెవ్వరికిని నెల జీతము లేదు. పని యున్న దినమున వీరు తమకు తామే యజమానులు. పని లేని దినమున వీరి భారమును మోయువా రెవ్వరు? ఈ ప్రశ్నకు మన ప్రాంతపు చరిత్ర కాలక్రమమున నాలుగు సమాధానములు చెప్పినది. వానిని వరుసగా మనవి చేసెదను.

మొదటి సమాధానము మేర. పంట కల్లమునకు వచ్చిన దినమున ఆసామి తన యింటికి గింజ చేర్చుటకు ముందే వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి వారి వారి భాగములు కొలిచి యిచ్చెడివాడు. ఆయగాండ్రనగా వీరే. నాగలి ఏటికి పదిమార్లు విరిగినను, ఒకమారే విరిగినను వడ్రంగి మేర మారదు. అతడు జ్వరపడి మంచము పట్టిన మాసమునకును ఆ గింజలలో భాగము కలదు. నేడు మనము భీమా యనుచున్న దానిని మన తాతలు ఆ పేరు తెలియకయే కల్లములో కొలిచిరి.

అట్లని ఆ కాలమును స్వర్ణయుగమని పొగడజాలను. మేర పుచ్చుకొనువాడు తరతరములు ఆ పనికే కట్టుబడి యుండవలెను. అడిగినపుడెల్ల చేయవలెను. కాదన్నచో ఊరిలో నిలువ నీడ లేదు. మేర ప్రక్కనే వెట్టియు నుండెను. మరియు పంటయే పోయిన యేడు అందరి మేరయు ఒక్కమారే పోయెడిది. 1876 మొదలు 1878 వరకు దక్కను నేలను కాల్చిన మహాక్షామమున కల్లములే లేవు. ఊరంతయు ఒక్క పంటపై నానుకొన్నపుడు ఊరి అండ ఆ పంటకంటె గట్టిది కాజాలదు.

రెండవ కాలము రూకలతో వచ్చినది. 1853 నుండి 1883 వరకు హైదరాబాదునకు దివానుగా నుండిన మొదటి సాలార్ జంగు కాలమున, ధాన్యముగా వసూలగుచుండిన శిస్తు క్రమముగా రూకలలోనికి మారినది. 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలుమార్గము తెరువబడినది. తాండూరును వికారాబాదును ఆ మార్గముననే యున్నవి. తాండూరు చుట్టును నేల క్రింద పొరలు పొరలుగా నున్న నీలి, పసుపు వన్నెల నాపరాయి, అంతకు ముందు ఇరుగుపొరుగు ఊళ్ల యిండ్లకే పరిమితము. రైలు వచ్చిన పిదప అది దూరపు పట్టణములకు పోవు సరకయ్యెను. సుత్తి, ఉలి యున్నవానికి క్రొత్త బ్రతుకుతెరువు దొరకెను. ఊరి కట్టుబాటు నుండి విడుదలయు దొరకెను.

అయితే ఆ విడుదలతో పాటు మేర గింజయు పోయెను. చేతిలో రూక యున్నంత కాలము స్వేచ్ఛ. రూక అయిపోయిన దినమున సావుకారి గడప. విత్తునకును తిండికిని ధాన్యము అప్పు తెచ్చుకొని, పంటకు ఒకటికి ఒకటిన్నర కొలుచు నాగు పద్ధతి పెద్దలు మీకు తెలియనిది కాదు. 1929లో ఆరంభమైన లోకవ్యాప్తమైన ఆర్థిక మాంద్యమున పంటల ధరలు కూలినవి గాని అప్పు పత్రములలోని అంకెలు కూలలేదు. తుదకు ఫసలీ 1349లో, అనగా 1939-40లో, హైదరాబాదు ప్రభుత్వము వడ్డీ వ్యాపారులను అదుపులో నుంచుటకు చట్టము చేసినది. చట్టము కాగితముపై నుండెను. అక్కర అర్ధరాత్రి వచ్చెడిది. ఆ వేళ తలుపు తీయువాడు సావుకారి యొక్కడే.

ఇక్కడ నా యింటి మాట యొకటి చెప్పుటకు అనుమతింపుడు. మా తాత వడ్రంగి. మేర గింజలపై బ్రతికెను. మా తండ్రి ఆ పని విడిచి, ఎడ్లబండి కొని, గనుల నుండి తాండూరు స్టేషనుకు బండలు తోలెను. 1960 తరువాతి మాట. తోటి బండివాడొకడు ఎడ్ల కొరకు అప్పు చేయగా మా తండ్రి జామీను నిలిచెను. ఆ వానకాలమున వాని యెద్దులలో నొకటి చచ్చెను. వాడు ఆలుబిడ్డలతో బొంబాయికి వలస పోయెను. అప్పిచ్చినవాడు మా వాకిటికి వచ్చెను. మా తల్లి వెండి కడియములు ముందు పోయినవి. మిగిలిన దానిని నాలుగేండ్లు కట్టితిమి.

బంధువులందరును ఆ బండివానిని మోసగాడని తిట్టిరి. మా తండ్రి మాత్రము తిట్టలేదు. "వాడు మోసగాడు కాడురా. వానికి అంతకు ముందే రెండప్పులున్నవి. ఆ సంగతి నేనడుగలేదు, వాడు చెప్పలేదు. సంతకము చేయుట నా తప్పు కాదు. లెక్క చూడక చేయుట నా తప్పు" అనెను. బాధ్యత యనుమాటకు నేను నేర్చుకొన్న అర్థము అదియే.

మూడవ సమాధానము సహకార సంఘము. జర్మనీ దేశమున రైఫైజన్ అను గ్రామాధికారి 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అను చోట పరపతి సంఘమును నెలకొల్పెను. ఒకని అప్పునకు సభ్యులందరును పూచీ. కాని సంఘము ఒకరి నొకరు ఎరిగిన కొద్ది ప్రాంతమునకే పరిమితము. ఎవని యెద్దు ముసలిదో, ఎవని పొలము నీటి క్రిందిదో అందరికిని తెలియును. ఆ యెరుకయే జామీనుకు ప్రాణము. ఈ పద్ధతియే బ్రిటిషు ఇండియాలో 1904 చట్టముగాను, హైదరాబాదు రాజ్యమున 1914 చట్టముగాను వచ్చినది. కాని చట్టము ఊరికి వచ్చినంత సులభముగా ఎరుక రాలేదు. పుస్తకము కార్యదర్శి యింటనుండి, బొటనవ్రేలి ముద్ర మాత్రము సభ్యునిదైన చోట సంఘము పేరునకే మిగిలెను. పైగా భూమి యున్నవానికి అప్పు పుట్టెను. ఉలి మాత్రమే యున్నవాడు వాకిట నిలిచెను.

నాలుగవ సమాధానమును స్త్రీలు చెప్పిరి. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సారాయి వ్యతిరేక పోరాటము నుండి పుట్టిన పొదుపు ఉద్యమమున ఒక్కొక్కతె దినమునకొక రూపాయి దాచెను. 1992లో నాబార్డు పొదుపు సంఘములను బ్యాంకులతో జోడించు పని ప్రారంభించెను. ఈ సంఘములు మన పల్లెలకును వచ్చినవి. ముందు పొదుపు, తరువాత అప్పు. సొమ్ము తమది, పుస్తకము తమ నడుమ. ఇది మంచి క్రమము.

కాని అదే రూపమున మరియొకటి వచ్చినది. సూక్ష్మ ఋణ సంస్థలు పొదుపు లేకయే అప్పు నిచ్చి, వారము వారము వసూలు చేసి, ఒకతె కట్టకున్న తక్కిన వారిని ఆమె వాకిట కూర్చుండబెట్టిన రోజులను మీరు చూచితిరి. ఒకే యింట మూడు నాలుగు అప్పులు చేరెను. ఆత్మహత్యల వార్తలు వచ్చెను. 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, ఆ సంస్థల నమోదును తప్పనిసరి చేసి, వారపు వసూళ్లకు బదులు నెలసరి వసూళ్లు విధించెను. వసూళ్లు నిలిచినవి. అక్కరకు అప్పు పుట్టుటయు చాలమందికి నిలిచెను. సంఘమువలె కనబడు ఆ వ్యవస్థలో పూచీ ఇరుగుపొరుగుది. లెక్క, నిర్ణయము ఎక్కడనో యుండు కార్యాలయమువి. మా తండ్రి సంతకమునకు పట్టిన గతియే వేలాది స్త్రీల సంతకములకును పట్టెను.

2016లో వికారాబాదు జిల్లా యయ్యెను. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దొరకెను. ప్రాంతము పేరు పెరిగినది. ఒంటరి పనివాని భయము తీరలేదు. 2020 మార్చి 25న దేశమంతట పనులు నిలిచిన దినమున ఎవని సంచిలో ఎన్ని దినముల తిండి కలదో ప్రతి యింటికిని తెలిసి వచ్చినది. 2023లో కేంద్ర ప్రభుత్వము పదునెనిమిది చేతివృత్తుల వారికి మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల వరకు నూటికి అయిదు వడ్డీతో అప్పిచ్చు విశ్వకర్మ పథకమును పెట్టెను. మంచిదే. అయినను అప్పు ఎంత చౌక యైనను అప్పే. అది పొదుపు కాదు, భీమా కాదు.

పనివాడు చితికినపుడు "వాని దుబారా" అనుట సులభము. "వాని నొసటి వ్రాత" అనుట మరియు సులభము. రెండును లెక్క చూడని మాటలే. మంచి దినమున కొంత దాచుట, ఉన్న అప్పును దాచక చెప్పుట పనివాని వంతు. ఎద్దు చచ్చుట, వాన తప్పుట, ఊపిరితిత్తులలో రాతిపొడి చేరుట వాని వంతు కాదు. అవి పదిమంది పంచుకొనవలసినవి. మేర గింజలలో పంచుకొనుట యుండెను గాని స్వేచ్ఛ లేదు. రూకలో స్వేచ్ఛ యుండెను గాని పంచుకొనుట లేదు. రెండును ఒకచోట నిలుచుటకు తెరచిన లెక్కపుస్తకము కావలెను.

అక్షరము తెలిసిన పెద్దలకు నా విన్నపము ఒక్కటే. మీ యూరి సంఘపు పుస్తకమును నెలకొకమారు రచ్చకట్టపై తెప్పించి, చదువురాని సభ్యులు వినునట్లు బిగ్గరగా చదువుడు. ఎవరెంత దాచిరో, ఎవరెంత తీసికొనిరో అందరును విననిండు. ఆ పిదప జామీను సంతకము చేయువాడు తెలిసి చేయును. మా తండ్రికి ఆ భాగ్యము లేకపోయెను.