క్యూలో ఉన్న పని (మన చదువుల చరిత్ర - 17)



పోయిన ఆదివారం తిరుమలగిరి చౌరస్తాలో చాయ్ తాగుతుంటే మా వాడ తమ్ముడు ఫోన్ చేశాడు. కంప్యూటర్ మీద అణువుల లెక్కలు చేసే పీహెచ్‌డీ వాడిది. పేరు రాయను, వాడికి ఇష్టం ఉండదు.

"ఎట్లున్నవ్‌రా?"

"జాబ్ క్యూల ఉన్నదన్నా. నాలుగు రోజులాయె, ఇంకా పెండింగే."

నేను ఏదో నోటిఫికేషన్ కోర్టులో ఆగిందనుకున్నాను. "ఏ డిపార్ట్‌మెంట్‌ల రా?" అని అడిగాను. వాడు పడీపడీ నవ్వాడు. మన ఇళ్లలో జాబ్ అంటే ఒకటే అర్థం కదా. వాడి లోకంలో జాబ్ అంటే సూపర్ కంప్యూటర్‌కు అప్పజెప్పిన ఒక లెక్క.

సూపర్ కంప్యూటర్ అంటే ఒక పెద్ద పెట్టె అని నేనూ అనుకునేవాణ్ని. కాదు. వందల కంప్యూటర్లను వేగమైన నెట్‌వర్క్‌తో కలిపి కట్టిన గుంపు అది. పరిశోధకుడు తన గదిలోంచే దానిలోకి లాగిన్ అవుతాడు. ఎన్ని ప్రాసెసర్లు కావాలి, ఎన్ని గంటలు కావాలి అని ఒక చిన్న ఫైలు రాసి పంపుతాడు. స్లర్మ్ అనే ప్రోగ్రాం ఆ ఫైళ్లన్నీ తీసుకుని వరుస కడుతుంది. 2002లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, మన దేశంలో పరం యంత్రాల మీద నడిచేదీ ఇదే. దానికి కులం తెలియదు. అడిగింది ఎంత, ఇప్పటికే వాడుకుంది ఎంత, ఎంతసేపటి నుంచి నిలబడ్డాడు, ఇవే చూస్తుంది.

మరి సమస్య ఎక్కడ?

మొదటి నెలలో వాడు తన ప్రోగ్రాంను లాగిన్ అయిన మెషిన్ మీదనే నడిపాడు. అది అందరూ లోపలికి వచ్చే గడప. అక్కడ కూర్చుని లెక్క మొదలుపెడితే దారి మూసుకుపోతుంది. అకౌంట్ ఆపేశారు. తిరిగి తెరిపించుకోవడానికి పది రోజులు పట్టింది. తర్వాత తెలిసింది, ల్యాబులో మిగతా వాళ్లందరికీ ఈ సంగతి ముందే తెలుసని. సీనియర్లు చాయ్ దగ్గర చెప్పారు, రూమ్మేట్లు చెప్పారు. వీడిని ఎవరూ తిట్టలేదు, ఎవరూ కులం పేరెత్తలేదు. చెప్పలేదు, అంతే. చాయ్‌కి పిలవలేదు కాబట్టి చెప్పలేదు. ఇది ఏ చట్టం కిందికి వస్తుందో నాకైతే తెలియదు.

ఈ 'చెప్పేవాళ్లు' అనే సంగతి బాబాసాహెబ్ ఎప్పుడో పట్టుకున్నారు. 1942 అక్టోబర్ 29న, వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉంటూనే, షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద లిన్‌లిత్‌గోకు ఒక మెమొరాండం ఇచ్చారు. మనవాళ్లు దానిలో ఉద్యోగాల భాగమే చదువుతారు. చదువుల భాగం చూడండి. బీఏలూ లా చదువులతో ఒరిగేది తక్కువ, పైస్థాయి సైన్సు, టెక్నాలజీ చదువులే మన వాళ్లను నిలబెడతాయి, కానీ ఆ ఖర్చు మన కుటుంబాలకు మోయలేనిది అన్నది ఆయన వాదన. దేశంలో సైన్సు, టెక్నాలజీ చదివే మన పిల్లల స్కాలర్‌షిప్‌లకు ఏటా 2 లక్షలు, విదేశాల్లో ఆ చదువులకు మరో లక్ష అడిగారు. అక్కడితో ఆగలేదు. ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకోవాలన్నారు. ఎందుకంటే యంత్రం పని పుస్తకంలో రాదు, పనివాడి పక్కన నిలబడితే వస్తుంది. ఆ పక్కన నిలబడే చోటే కదా మనకు వేల ఏళ్లు దొరకనిది! 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఇవాళ మనం బకాయిల కోసం కలెక్టరేట్ ముందు కూర్చునే ఆ స్కాలర్‌షిప్, ఆ పోరాటం నుంచి వచ్చిందే.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఇంకో కథ. 1943లో డొరొతీ వాన్ అనే నల్లజాతి లెక్కల టీచర్ లాంగ్లీ విమాన పరిశోధన కేంద్రంలో చేరింది. అప్పుడు 'కంప్యూటర్' అంటే మనిషి. ఇంజనీర్లకు లెక్కలు చేసిపెట్టే ఆడవాళ్లు. నల్లజాతి వాళ్లకు వేరే విభాగం, వేరే బాత్రూం, క్యాంటీన్‌లో వేరే టేబుల్, దాని మీద వాళ్ల రంగు పేరుతో ఒక చిన్న బోర్డు. మన హోటళ్ల రెండు గ్లాసులు గుర్తొస్తున్నాయా? మిరియమ్ మాన్ అనే ఆమె ఆ బోర్డును తీసి తన పర్సులో వేసుకునేది. మళ్లీ పెట్టేవాళ్లు, మళ్లీ తీసేది.

1949లో డొరొతీ ఆ విభాగానికి పెద్ద అయింది. ఇంతలో ఐబీఎం యంత్రాలు వచ్చాయి, 1957లో ఫోర్ట్రాన్ భాష వచ్చింది. చేత్తో లెక్క చేసేవాళ్ల పని పోతుందని ఆమెకు అర్థమైంది. ఆమె ఫోర్ట్రాన్ నేర్చుకుంది, తనొక్కతే నేర్చుకుని ఊరుకోకుండా తన కింది ఆడవాళ్లకూ నేర్పించింది. 1958లో నాసా ఏర్పడి ఆ వేరు విభాగాన్ని ఎత్తేసేనాటికి వాళ్లు చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరం లేకపోయింది. రాకెట్ ఎక్కినవాళ్ల పేర్లు మనకు తెలుసు, ఈమె పేరు సినిమా వచ్చేదాకా తెలియదు.

ఇక మన దేశం సంగతి. 1980లలో మన ప్రభుత్వం క్రే ఎక్స్-ఎంపీ 24 అనే యంత్రం కొంటామంటే అమెరికా ఇవ్వనంది. వాతావరణం లెక్కలకు మాత్రమే, కాపలా షరతుల మీద, చిన్నదైన ఎక్స్-ఎంపీ 14 ఇస్తానంది. నువ్వు నమ్మదగినవాడివి కాదు, ఇంతవరకే ముట్టుకో అన్నట్టు. ఢిల్లీకి ఎంత అవమానమైందో! వెంటనే 1988లో పుణెలో సీ-డాక్ పెట్టారు, విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991కల్లా పరం 8000 తయారైంది. అదే 1988లో హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ అనురాగ్ ల్యాబు పెట్టింది, అక్కడ పేస్ అనే సమాంతర కంప్యూటర్ కట్టారు. సీ-డాక్ వాళ్లు ఉత్త యంత్రం కట్టి ఊరుకోలేదు. దాన్ని వాడేవాళ్ల కోసం పరస్ అనే ప్రోగ్రామింగ్ సామగ్రి కూడా రాశారు. అది లేకపోతే యంత్రం మూలన పడేదని వాళ్లకు తెలుసు. ముట్టనివ్వకపోతే ఎట్లుంటదో ఒక్కసారి రుచి చూసిన ప్రభుత్వానికి, ఏం చేయాలో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

2015లో నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ వచ్చింది. ఏడేళ్లకు 4,500 కోట్లు. యంత్రాలకు పెట్టిన పేర్లు చూడండి: శివాయ్, బ్రహ్మ, సిద్ధి, రుద్ర. తిరుచ్చి ఎన్ఐటీ వాళ్లు మాత్రం తిరుక్కురళ్ నుంచి పొరుళ్ అని పెట్టుకున్నారు, బాగుంది. మన సంగారెడ్డి కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్నదాని పేరు పరం సేవ, 838 టెరాఫ్లాప్స్. సేవ! ఆ మాట మన తాతలకు ఎంత బాగా తెలుసో వేరే చెప్పాలా. వెట్టిని కూడా సేవ అనే అన్నారు దొరలు.

ఈ మిషన్‌లో మనుషులకు నేర్పడం కూడా ఒక భాగమే. అందుకు ఖరగ్‌పూర్, మద్రాస్, పాలక్కాడ్, గోవా ఐఐటీల్లో శిక్షణ కేంద్రాలు పెట్టారు. నాలుగింట్లో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. సరే, ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చు అంటారు. వచ్చు. కానీ 2005లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైన ఫెలోషిప్ మీద బతికే మన పరిశోధకుడికి ఆ డబ్బులు నెలనెలా రాకపోతే ఆన్‌లైనూ లేదు, హాస్టలూ లేదు. కార్ల్ సేగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని విడిచి వెళ్లేనాటికి ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉంది. సూపర్ కంప్యూటర్ క్యూ గురించి రాస్తూ ఈ క్యూను వదిలేస్తే అది అబద్ధపు చరిత్ర అవుతుంది.

2021లో దళితబంధుకు ఎంచిన మండలాల్లో మన తిరుమలగిరి ఒకటి. ఇంటికి 10 లక్షలు. ట్రాక్టరా, కారా, డెయిరీనా అని వాడలో ఎంత చర్చ! నేను దాన్ని తక్కువ చేయను, స్టీరింగ్ పట్టుకున్న చేతులు నాకు తెలుసు. కానీ ఆ చర్చలో పీహెచ్‌డీ పిల్లగాడి ల్యాప్‌టాప్ అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. నేనూ అనలేదు.

తమ్ముడి పనికి వస్తాను. నాలుగు రోజులైనా వాడి జాబ్ ఎందుకు కదల్లేదంటే, భయంకొద్దీ 96 గంటలు అడిగాడు. నిజానికి లెక్క పట్టేది ఆరు గంటలు. పెద్ద జాబుల మధ్య మిగిలే ఖాళీల్లో చిన్న జాబులను స్లర్మ్ దూరుస్తుంది. ఎక్కువ అడిగినవాడు ఆ ఖాళీల్లో పట్టడు. ఈ ముక్క చెప్పింది అక్కడి సపోర్టులో పనిచేసే ఒక అక్క. వీడి మెయిల్ చూసి, ఫైలు తెరిచి, పక్కన కూర్చోబెట్టుకుని ఇరవై నిమిషాలు చూపించింది. ఎనిమిది గంటలకు మార్చి పంపితే ఆ రాత్రే మొదలైంది, తెల్లారేసరికి అయిపోయింది.

"అన్నా, ఆమె ఏమోళ్లో అడగలె," అన్నాడు వాడు. అడగకురా అన్నాను.

ఇప్పుడు వాడు అదంతా రెండు పేజీల్లో తెలుగులో రాశాడు. లాగిన్ మెషిన్ మీద ఏం చేయొద్దు, ఫైల్లో ఏ లైనుకు ఏం అర్థం, గంటలు ఎట్లా అంచనా వేయాలి, అకౌంట్ ఆగితే ఎవరికి మెయిల్ రాయాలి, ఆ మెయిల్‌లో ఏమేం పెట్టాలి. ఎంఎస్సీ, ఎంటెక్, పీహెచ్‌డీలో ఉన్న మన పిల్లలెవరికైనా కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, పంపుతాను. వచ్చే భాగం రైల్వే వర్క్‌షాపుల అప్రెంటిస్‌ల గురించి.