సత్రం, పూటకూళ్ళిల్లు, హోమ్‌స్టే: బాటసారి బసపై నియమాల, పన్నుల చరిత్ర

ప్రవేశిక

సొంత ఇంటిలో ఒక గదిని రోజు లెక్కన అద్దెకిచ్చే గృహస్థు నేడు పలు వ్యవస్థలకు జవాబుదారీ. పురపాలక సంఘం ఆ ఇంటిని నివాసంగా చూడాలా, నివాసేతరంగా చూడాలా అని లెక్కిస్తుంది. పోలీసు శాఖ వచ్చిన వారి వివరాలు కోరుతుంది. పర్యాటక శాఖ నమోదు చేసుకొమ్మంటుంది. వస్తుసేవల పన్ను శాఖ రాబడిని గమనిస్తుంది. ఈ నియమాలన్నీ అంతర్జాలంలో గదులు కుదిర్చే సంస్థలతోనే పుట్టాయన్న అభిప్రాయం లోకంలో ఉంది. పన్ను విధానానికి సంబంధించినంతవరకు ఆ అభిప్రాయంలో కొంత నిజముంది. కాని అపరిచితునికి చోటిచ్చిన ఇంటిని పాలకులు ప్రశ్నించడం ఎంతో పాతది.

ఆ ప్రశ్నలు ప్రధానంగా మూడు. వచ్చినవాడెవడు? వాడి వెంట రోగమేమైనా వచ్చిందా? వాడు చెల్లించిన దానిలో రాజ్యానికి వాటా ఎంత? మొదటిది రక్షణకు, రెండవది ఆరోగ్యానికి, మూడవది రాబడికి చెందినవి. ఇవి వేర్వేరు కాలాలలో ప్రబలమై, చివరకు ఒకే గడపలో కలుసుకొన్న తీరును తెలుగు పదాల, గ్రంథాల, చట్టాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాల వెంట

ప్రయాణికుని మజిలీకి తెలుగులో ఒకే మాట లేదు. 'సత్రము' సంస్కృతం నుంచి వచ్చింది. దీర్ఘకాలం సాగే సోమయాగానికి పేరైన ఈ శబ్దం క్రమంగా అన్నమూ ఆశ్రయమూ ఉచితంగా పెట్టే చోటుకు పేరైంది. 'చావడి' ఊరి ఉమ్మడి కట్టడం. పంచాయతీలూ పన్ను వసూళ్ళూ జరిగే చోటే రాత్రికి బాటసారి నడుము వాల్చే చోటు కూడా. ఆంగ్లేయుల దస్తరాలలో కనిపించే 'చౌల్ట్రీ' ఈ చావడికి మారిన రూపమే. 'సరాయి' పారసీకం నుంచి వచ్చి, గోలకొండ పాలనలో స్థిరపడింది. కుతుబ్‌షాహీల నాటి షేక్‌పేట సరాయి నేటికీ నిలిచి ఉంది.

వీటన్నిటికీ భిన్నమైనది 'పూటకూళ్ళిల్లు'. కూడు శబ్దానికి బహువచనం కూళ్ళు. పూట లెక్కన సొమ్ము పుచ్చుకొని కూడు పెట్టే ఇల్లు అని అర్థం. సత్రానికి దాత ఉంటాడు, పూటకూళ్ళింటికి యజమాని ఉంటాడు. సత్రం ధర్మం, పూటకూళ్ళిల్లు జీవిక. ఓరుగల్లు నగరాన్ని వర్ణించిన క్రీడాభిరామంలో రూకకు కమ్మని భోజనం దొరికే పూటకూళ్ళిల్లు కనిపిస్తుంది. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చైన గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ విజయనగరం వీథిలో నడిచే సజీవ పాత్ర. వితంతువైన స్త్రీ తన ఇంటినీ తన వంటనూ ఆధారం చేసుకొని బతికే మార్గమది. నేటి హోమ్‌స్టేకు పూర్వరూపం వెదకవలసి వస్తే సత్రంలో కాదు, పూటకూళ్ళింటిలో వెదకాలి. ఇంటి మనుషులు ఉంటున్న ఇంటిలోనే పరులకు వెల కట్టి చోటివ్వడం ఈ రెండింటికీ సమాన లక్షణం.

నివేదించవలసిన అతిథి

మొదటి ప్రశ్న రక్షణకు సంబంధించినది. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని నాగరిక ప్రకరణం ఈ విషయంలో చాలా స్పష్టం. ధర్మశాలల నిర్వాహకులు పాషండులకూ పథికులకూ అధికారులకు తెలిపిన మీదటనే చోటివ్వాలి. శిల్పులు, వర్తకులు తమ వృత్తివారిని తమ వద్ద ఉంచుకోవచ్చు. ఇంటి యజమాని తన ఇంటికి వచ్చినవారినీ వెళ్ళినవారినీ నివేదించాలి. నివేదించకపోతే ఆ రాత్రి జరిగిన దోషానికి అతడే బాధ్యుడు. ఏ దోషమూ జరగకపోయినా మూడు పణాలు చెల్లించాలి.

అర్థశాస్త్రం ఒక ఆదర్శ వ్యవస్థను చిత్రించిన గ్రంథం. దానిని తెలుగు దేశపు ఆచరణకు నేరు సాక్ష్యంగా తీసుకోరాదు. అయినా ఆ చివరి నిబంధన గమనింపదగినది. నేరం జరగకపోయినా చెప్పకపోవడమే తప్పు అన్న సూత్రం అందులో ఉంది. 1867 నాటి సరాయిల చట్టంలో అదే సూత్రం మరో రూపంలో కనిపిస్తుంది. ఆ చట్టం ప్రకారం సరాయి నిర్వాహకుడు జిల్లా మేజిస్ట్రేటు వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. ఎవరికైనా అంటురోగం సోకినా, ఆ రోగంతో మరణించినా సమీప పోలీసు ఠాణాకు తెలపాలి. కావలివారిని పెట్టాలి. కట్టడాన్ని శుభ్రంగా, మరమ్మతుతో ఉంచాలి. వసూలు చేసే రుసుముల పట్టికను అందరికీ కనబడేలా వేలాడదీయాలి. తప్పితే ఇరవై రూపాయల వరకు జరిమానా. విదేశీయులు బస చేసినప్పుడు ఇరవై నాలుగు గంటలలోగా వివరాలు పంపాలన్న నేటి నియమం హోటలుకే కాక ఇంటిలో గదులిచ్చే వారికీ వర్తిస్తుంది. పద్ధతి మారింది, సూత్రం మారలేదు.

సత్రం: ధర్మం నుంచి పర్యవేక్షణకు

దక్షిణాన కథ కొంత వేరుగా నడిచింది. ఇక్కడ రాజ్యం మొదట పట్టించుకొన్నది అతిథిని కాదు, సత్రం ఆస్తిని. రాజులూ జమీందారులూ వర్తకులూ సత్రాలకు భూములిచ్చారు. ఆ భూముల రాబడి దాతల ఉద్దేశానికి విరుద్ధంగా వినియోగమవుతున్నదన్న కారణంతో మద్రాసు ప్రభుత్వం 1817లో ఏడవ రెగ్యులేషను తెచ్చింది. మసీదులు, దేవాలయాలు, విద్యాలయాలతో పాటు వంతెనలు, సత్రాలు, చావడుల ధర్మాదాయాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1863 నాటి చట్టంతో ప్రభుత్వం మతసంస్థల నిర్వహణ నుంచి తప్పుకొన్నా, లౌకిక ధర్మంగా భావించిన సత్రాల బాధ్యత మిగిలిపోయింది. 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం తరువాతి కాలంలో అనేక సత్రాలు ఆ బోర్డుల నిర్వహణలో నడిచాయి. దాత పుణ్యం కోసం కట్టిన ఇల్లు పౌరపాలనలో ఒక పద్దుగా మారింది.

ఈ మార్పు నడుమ సాగిన యాత్రకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర సాక్ష్యం. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళ ఆ రచనను 1838లో ప్రచురించాడు. మజిలీ మజిలీకీ చావడి ఉందా, సత్రం ఉందా, నీరు దొరుకుతుందా, అంగడి ఉందా అన్నదే ఆయన ప్రధానమైన ఆరా. ఆయన దర్శించిన ప్రయాగ, గయ, పూరీ క్షేత్రాలలో ఆనాడు కంపెనీ ప్రభుత్వం యాత్రికుల పన్ను వసూలు చేస్తుండేది. 1840 నాటి పదవ చట్టం దానిని రద్దు చేసింది. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఆ సుంకం బసపై కాదు, క్షేత్రప్రవేశంపై. యాత్రికుడే పన్నుకు ఆధారం, అతనికి చోటిచ్చిన ఇల్లు కాదు. ఇల్లు పన్నుకూ అనుమతికీ విషయం కావడానికి మరొక కారణం రావలసి వచ్చింది.

రోగభయం, అనుమతి పత్రం

ఆ కారణం కలరా. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం భారతదేశపు యాత్రలను కలరా వ్యాప్తికి ముఖ్య హేతువుగా చూపింది. తెలుగు జిల్లాల నుంచి కూడా వేలాది మంది వెళ్ళే పూరీలో ఇరుకు గదుల బసలు అధికారుల దృష్టికి వచ్చాయి. 1871 నాటి పూరీ వసతిగృహాల చట్టం ప్రకారం యాత్రికులకు చోటివ్వదలచిన ఇంటికి అనుమతి పత్రం తప్పనిసరి అయింది. ఆ ఇంటిలో ఎందరు ఉండవచ్చునో ఆరోగ్యాధికారి ధ్రువీకరించాలి. ఉండదగిన తలల లెక్కన రుసుము చెల్లించాలి. వచ్చిన సొమ్ము యాత్రికుల ఆరోగ్య వసతులకే ఖర్చు కావాలి.

ఇంటిని గదులుగా, గదులను తలలుగా, తలలను రుసుముగా లెక్కించే పద్ధతి ఇందులో పూర్తిగా రూపుకట్టింది. దీనిలోని సుగుణాన్ని కూడా చెప్పుకోవాలి. వసూలైన రుసుము ఏ పనికి వాడాలో చట్టమే నిర్దేశించింది. యాత్రికుని పేరిట వచ్చిన డబ్బు యాత్రికునికే చేరాలన్న భావన తరువాతి పన్నులలో క్రమంగా మరుగున పడింది.

మద్రాసు రాష్ట్రంలో 1939 నాటి ప్రజారోగ్య చట్టం ఈ దారినే విస్తరించింది. ఆ చట్టంలోని వసతిగృహ నిర్వచనం హోటలు, భోజన వసతిశాల, సత్రం, ధర్మశాల అన్నిటినీ ఒకే వరుసలో చేర్చింది. ఆంధ్ర ప్రాంతానికి వారసత్వంగా సంక్రమించినది ఈ చట్టమే. భాషాదృష్టితో చూస్తే ఇది పెద్ద మలుపు. శతాబ్దాల పాటు తెలుగు వ్యవహారం జాగ్రత్తగా వేరు చేసి చూసిన సత్రం, పూటకూళ్ళిల్లు చట్టం కంట ఒకటే అయ్యాయి. ఆరోగ్యం విషయంలో అది న్యాయమే. దాత కట్టిన ఇల్లయినా, వెలకు ఇచ్చిన ఇల్లయినా రోగానికి భేదం లేదు. కాని రాబడి విషయంలోనూ అదే కలగలుపు జరిగినప్పుడు ఇబ్బంది మొదలైంది.

విలాసం అనే మాట

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితా 62వ అంశం విలాసాలపై పన్ను విధించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ అధికారంతో 1970ల నుంచి పలు రాష్ట్రాలు హోటళ్ళ, వసతిగృహాల గదులపై పన్ను వేశాయి. ఆంధ్రప్రదేశ్ 1987లో విలాసాల పన్ను చట్టం చేసింది. గుజరాత్ చట్టంపై వచ్చిన వ్యాజ్యంలో 1989లో సుప్రీం కోర్టు ఇటువంటి పన్నును సమర్థించింది. విలాస సౌకర్యాన్ని సమకూర్చడమే పన్నుకు చాలుననీ, దానిని వాస్తవంగా అనుభవించడంతో పనిలేదనీ ఆ తీర్పు సారాంశం.

చట్టపరంగా ఆ వాదం సమంజసమే కావచ్చు. కాని తెలుగులో 'విలాసము' అంటే శృంగారం, లీల, భోగం. క్షేత్రంలో ఒక రాత్రి పడుకొనడానికి గది తీసుకొన్న కుటుంబం ఆ మాటలో ఇమడదు. అందుకే ఇటువంటి పన్నులు ఒక గీటును ఆశ్రయించాయి. రోజు అద్దె ఫలానా మొత్తం దాటితేనే విలాసం, దాటకపోతే అవసరం. ఆ గీటు కేవలం అంకె కాదు. సత్రానికీ హోటలుకూ మధ్య మన భాష ఉంచిన భేదాన్ని అంకెల రూపంలో కాపాడిన ఏర్పాటు.

2016 నాటి 101వ రాజ్యాంగ సవరణతో 62వ అంశం నుంచి విలాసం తొలగింది. 2017 జులై 1 నుంచి వస్తుసేవల పన్ను దాని స్థానాన్ని ఆక్రమించింది. మొదట రోజుకు 1000 రూపాయల లోపు గదులకు మినహాయింపు ఉండేది. 2022 జులై 18న అది తొలగి, వాటిపై 12 శాతం పన్ను వచ్చింది. అంటే అవసరానికీ విలాసానికీ నడుమ ఉన్న గీటు చెరిగిపోయింది. వెంటనే అమృతసర్ స్వర్ణదేవాలయ పరిసరాలలోని సరాయిల విషయమై వివాదం రేగింది. మతసంస్థలు నడిపే సరాయిలలో 1000 రూపాయల లోపు గదులకు వేరొక మినహాయింపు అమలులోనే ఉన్నదని కేంద్ర పన్నుల బోర్డు 2022 ఆగస్టులో వివరణ ఇవ్వవలసి వచ్చింది. 1867 చట్టం పేరులోని సరాయి శబ్దం నూటయాభై ఏళ్ళ తరువాత మళ్ళీ పన్నుల చర్చలో నిలిచింది. ఆ పదం వెనుక ఉన్న ధర్మభావన ఇంకా చావలేదనడానికి ఇది నిదర్శనం. 2025 సెప్టెంబరు 22 నుంచి 7500 రూపాయల వరకు గదులపై పన్ను 5 శాతానికి తగ్గింది. భారం తగ్గిందే గాని, పాత గీటు తిరిగి రాలేదు.

ఇల్లే బస అయినప్పుడు

మతసంస్థల సరాయికి చట్టంలో చోటు దొరికింది. పూటకూళ్ళింటి వారసులకు ఏమి దొరికింది? కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారం యజమాని కుటుంబం నివసిస్తున్న ఇంటిలో ఆరు గదుల వరకు అతిథులకు ఇచ్చి గుర్తింపు పొందవచ్చు. ఢిల్లీ 2007లో దీనికై ప్రత్యేక చట్టమే చేసింది. యజమాని అక్కడే నివసించాలన్న షరతు ఇందులో కీలకం. అదే ఇంటిని హోటలు నుంచి వేరుచేస్తుంది. పూటకూళ్ళమ్మ ఇంటి లక్షణమూ అదే.

పన్ను విషయంలో 2017 జూన్ 28 నాటి ప్రకటన మరొక మార్గం తెరిచింది. నమోదు చేసుకోవలసినంత రాబడి లేని చిన్న యజమాని అంతర్జాల సంస్థ ద్వారా గది ఇచ్చినప్పుడు, పన్ను చెల్లించే బాధ్యత ఆ సంస్థపైనే ఉంటుంది. చిన్న గృహస్థును లెక్కల భారం నుంచి తప్పించడం దీని ప్రయోజనం. అయితే దీనివల్ల ఒక వింత ఏర్పడింది. పన్ను పరిమితికి లోబడిన అదే గృహస్థు నేరుగా తన గడపకు వచ్చిన బాటసారికి గది ఇస్తే పన్ను లేదు, మధ్యవర్తి ద్వారా ఇస్తే ఉంది. చట్టం ఇంటిని గాక, ఇంటికి అతిథి వచ్చిన దారిని చూస్తున్నది.

ముగింపు

నివేదించాలన్న నియమం అతిప్రాచీనం. శుభ్రతకై అనుమతి పత్రం పందొమ్మిదవ శతాబ్దపు రోగభయం ఫలితం. గది అద్దెపై పన్ను ఇరవయ్యో శతాబ్దపు విలాస భావన నుంచి పుట్టింది. ఈ మూడింటికీ కారణాలు వేరు, న్యాయాలు వేరు. మొదటి రెండింటిలో సత్రానికీ పూటకూళ్ళింటికీ హోటలుకూ భేదం చూపనక్కరలేదు. మూడవదానిలో ఆ భేదం చూపకపోతే పన్ను తన సమర్థననే కోల్పోతుంది. విలాసం అన్న మాట పోయాక, అవసరానికి మినహాయింపు ఎందుకివ్వాలో చెప్పే మాట కూడా చట్టంలో మిగలలేదు.

ఆ మాట తెలుగులో ఉంది. ధర్మానికి ఇచ్చే చోటు, జీవికకు ఇచ్చే చోటు, భోగానికి ఇచ్చే చోటు అని మన వాఙ్మయం మూడింటినీ విడివిడిగా ఎరుగును. స్థానిక సంస్థలు ఇళ్ళలోని బసలకు నియమాలు రాసుకొంటున్న ఈ కాలంలో వాటి తెలుగు పాఠాలు ఆంగ్లపదాలకు లిప్యంతరాలుగా మిగిలిపోతే ఈ వివేకం వాటిలోకి ప్రవేశించదు. శాసనాలలోని సత్రపు ధర్మాలను, స్థానిక బోర్డుల దస్తరాలను, కావ్యనాటకాలలోని పూటకూళ్ళిళ్ళను ఒకచోట చేర్చి పరిశీలించే పని తెలుగు శాఖలది. అది కేవలం పదచరిత్ర కాదు. ఒక గదితో బతుకు వెళ్ళదీసే ఇల్లాలిని హోటలు యజమాని పక్కన నిలబెట్టి ఒకే కొలతతో కొలవడం తగునా అన్న ప్రశ్నకు ఆధారం సమకూర్చే పని.