జారని జిగురు: ఒక భావన, ఒక పొడి, రెండు చరిత్రలు

నిలువు ఫలకంపై పూసే పారిశ్రామిక జిగురు పరస్పర విరుద్ధమైన రెండు పనులు చేయాలి. గొట్టం నుంచి వెలువడేటప్పుడు పలుచగా సాగాలి. పూసిన వెంటనే జారకుండా నిలవాలి. ఈ రెండింటినీ కుదిర్చే సంకలితాలలో ముఖ్యమైనది ఫ్యూమ్డ్ సిలికా. అయితే దాని వెనుకనున్న భావన ఒకచోట, పదార్థం మరొకచోట పుట్టాయి. ఆ రెండింటి మధ్య నాజీ పాలన ఉంది.

బెర్లిన్‌లో హెర్బర్ట్ ఫ్రాయిండ్‌లిష్ వద్ద పనిచేసిన షాలెక్, సెగ్వారిలు 1923లో ఐరన్ ఆక్సైడ్ జెల్ కుదిపితే ద్రవమవుతుందనీ, కదపక ఉంచితే మళ్ళీ గడ్డకడుతుందనీ చూపారు. 1927లో పేటర్ఫి దీన్ని ‘థిక్సోట్రోపీ’ అన్నాడు. గ్రీకులో ‘థిక్సిస్’ అంటే స్పర్శ, ‘ట్రోపే’ అంటే మార్పు. చిక్కదనం స్థిరగుణం కాదనీ, బలానికీ కాలానికీ లోబడినదనీ ఈ పేరు గుర్తుచేస్తుంది. తెలుగులో దీన్ని కేవలం ‘స్నిగ్ధత’ కింద చేరిస్తే కాలమనే అంశమే జారిపోతుంది.

యూదు మూలాల కారణంగా 1933లో ఫ్రాయిండ్‌లిష్ జర్మనీ విడవవలసి వచ్చింది. 1935లో ‘థిక్సోట్రోపీ’ పేరుతోనే గ్రంథం వెలువరించి, 1941లో అమెరికాలోని మినియాపోలిస్‌లో మరణించాడు.

మరుసటి ఏడాది జర్మనీలోనే డెగుస్సా సంస్థ రసాయనవేత్త హారీ క్లోప్ఫర్ సిలికాన్ టెట్రాక్లోరైడ్‌ను హైడ్రోజన్ జ్వాలలో మండించి అతిసూక్ష్మమైన సిలికా పొడిని తయారుచేశాడు. అతను వెదికినది జిగురుకు కావలసిన సంకలితం కాదు. రబ్బరును దృఢపరిచే కార్బన్ బ్లాక్‌కు తెల్లని ప్రత్యామ్నాయం. ‘ఏరోసిల్’గా ప్రసిద్ధమైన ఈ పొడిలో ఒక సాధారణ రకానికి గ్రాముకు సుమారు 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. విషవాయువు జైక్లోన్-బిని సరఫరా చేసిన డెగెష్‌లో డెగుస్సా వాటాదారు. కాబట్టి 1942ను ఒక ఆవిష్కరణ తేదీగా మాత్రమే నమోదు చేయడం అసంపూర్ణ చరిత్రే.

పని తీరు సరళమే. కణాల ఉపరితలంపైనున్న సిలనాల్ సమూహాలు హైడ్రోజన్ బంధాలతో ఒకదానినొకటి పట్టుకొని ద్రవమంతటా వలవంటి అల్లిక ఏర్పరుస్తాయి. కలిపినా ఒత్తినా ఆ వల తెగి జిగురు ప్రవహిస్తుంది. ఆపితే తిరిగి అల్లుకుంటుంది. నిజానికిది ఫ్రాయిండ్‌లిష్ బృందం జెల్‌లో చూసిన ప్రవర్తనే.

కానీ ఎపాక్సీ వంటి ధ్రువ ద్రవాలలో ఒక చిక్కు వచ్చింది. రెసిన్ అణువులే ఆ సిలనాల్ సమూహాలతో బంధం కలుపుకోవడంతో వల బలహీనపడి, నిల్వలో చిక్కదనం తగ్గిపోయేది. 1960ల నాటికి కణాల ఉపరితలాన్ని రసాయనికంగా మార్చి, నీటిని అంటనివ్వని రకాలు తయారుచేశారు. ఎపాక్సీ జిగురులలో నేడు ఎక్కువగా వాడేది ఈ రకాలనే.